పచ్చికుండ మీద భవానీ

కూతురు పగలగొట్టిన పచ్చికుండ ముక్కలు మంచం కిందికి దొర్లుతుండగానే గంగారాం చెయ్యి లేచింది.

“కొట్టు బాపూ,” అంది సింధూజ, ఉన్నచోటినుంచి కదలకుండా. “చెంప వాస్తది. వాచిన మొకంతోనే నీ దేవతను నిలవెట్టు. సేఠ్ జూసి మెచ్చుకుంటడు.”

లేచిన చెయ్యి ఆగిపోయింది. కొట్టబుద్ధి కాక కాదు. మధ్యాహ్నం ఆ మొహానికే పసుపు పూయాలి. ఆ మొహాన్నే సూరత్ భేస్తాన్‌లోని తెలుగు నేతవాళ్లంతా చేతులు జోడించి చూడాలి. అది గుర్తొచ్చి ఆగాడు. బిడ్డ మీద ప్రేమతో ఆగాడని ఎవరైనా అనుకుంటే వాళ్ల అమాయకత్వానికి నేనేం చెయ్యలేను.

“ఇంకో కుండ తెస్త,” అన్నాడు. “అది గూడ పలగ్గొడితె ఇంకోటి తెస్త. సూరత్‌ల కుండలకు కరువొచ్చిందా?”

“తే. కార్ఖానాల మనుషులకైతె కరువొచ్చింది గద. వాళ్లను గూడ తే.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. గంగారాం కింది కార్ఖానాలో ముకాదం. పనివాళ్లను తెచ్చేదీ, పెట్టేదీ, తీసేసేదీ అతనే. కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, పైన వీళ్లుండే గది, రెండూ ఒకే సేఠ్‌వి. లాక్‌డౌన్ ఎత్తేశాక మరమగ్గాలు అలా తిరగడం మొదలైందో లేదో, జ్వరం కార్ఖానాలో అడుగుపెట్టింది. సాంచాలు నడిపే సాంబయ్యను అంబులెన్సులో తీసుకుపోయారు. అతను తిరిగి రాలేదు. గుండెపోటు అన్నాడు సేఠ్. గుండెపోటే అన్నాడు గంగారాం. మిగతావాళ్లు ఆ మాట నమ్మినట్టే తలలూపి, తలా కొంత వేసుకుని సిరిసిల్లకు బస్సు మాట్లాడుకున్నారు. రేపు పొద్దున్నే బయల్దేరుతుంది.

బస్సు కదిలితే సాంచాలు ఆగుతాయి. అందుకే సేఠ్‌కు ఉన్నట్టుండి తెలుగువాళ్ల పోచమ్మ మీద భక్తి పుట్టుకొచ్చింది. ఆషాఢం బోనాలు ఘనంగా చెయ్యమన్నాడు. డప్పులవాళ్లను తనే పిలిపిస్తానన్నాడు. అమ్మవారు పూని భవిష్యం చెప్పినట్టు నీ బిడ్డను పచ్చికుండ మీద నిలబెట్టి నాలుగు మంచిమాటలు చెప్పించమని గంగారాం భుజం తట్టాడు.

“నడింట్ల కుండ పలగ్గొట్టుడు ఏందే?” నేలమీద కూర్చుని ముక్కలు ఏరుతూ తల్లి భాగీరథి అందుకుంది. “ఇయ్యాల బోనం దినం. జర సోయి ఉండాలె. ఒక్క పూట నిలవడి రెండు మాటలు చెప్పుమంటె నీ సొమ్మేం బోతదే?”

“ఏం మాటలు? నువ్వే చెప్పు, ఇంట. ‘ఎవ్వలు ఊరికి పోవద్దు, సాంచాలు ఆపద్దు, మీ అందరి మీద నా కొంగు కప్పుత.’ గివ్వే గద? గివి ఎవలు రాసిన్రు? పోచమ్మ రాసిందా, సేఠ్ రాసిండా?”

“ఎవలు రాస్తె నీకేంది? చిన్నగున్నప్పుడు ఎవలో రాసిచ్చినయ్ చెప్పలేదా?”

సింధూజ తల్లివైపు చూసింది.

చెప్పింది, నిజమే. ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు గణపతి మండపంలో దేవి వేషం కట్టి నిలబడితే బొంబాయివాళ్లెవరో చూశారు. అంతే, ఉమర్‌గాంలోని షూటింగ్ సెట్టుకు రోజూ పొద్దున్నే భేస్తాన్ స్టేషన్‌లో రైలెక్కడం, తల్లి ఒళ్లో నిద్రపోవడం, దిగగానే కిరీటం పెట్టించుకోవడం. హిందీ సీరియల్‌లో ఆమె బాల భవానీ. దేశమంతా ఆ వేళకు టీవీ ముందు కూర్చునేది. రైల్లో ముసలివాళ్లు ఆ పిల్ల కాళ్లకు దండం పెట్టేవాళ్లు. కిరీటం జారకుండా నుదుటికి జిగురు పూసేవాళ్లు, సాయంత్రం పీకితే చర్మం కూడా ఊడొచ్చేది. ఏడిస్తే కాటుక కారుతుందని ఏడవనిచ్చేవాళ్లు కాదు.

“చెప్పిన,” అంది సింధూజ. “నువ్వేమో నాకు పాలు బంద్ జేసినవ్. గుడ్డు బంద్ జేసినవ్. ఎందుకు? పోరి పెరిగితె ఏషం పోతదని. అన్నం గూడ పిడికెడే. సెట్టు మీద కండ్లు తిరిగి పడ్డ దినం, తల్లి ఒంటి మీదికొచ్చిందని లైటింగ్ వాళ్లు హారతిచ్చిన్రు. ఆకలమ్మా అది! ఆకలి!”

“నీ మంచికే జేసిన.”

“మంచికే. అయినా పెరిగిన గద! పెరుగుడు నేను జేసిన తప్పా?”

భాగీరథి ముక్కలు ఏరడం ఆపలేదు. వేలు కోసుకున్నా చూసుకోలేదు.

పెరిగింది. సీరియల్‌వాళ్లు కథను పదేళ్లు ముందుకు దూకించారు. ఎప్పటిలాగే రైలెక్కి సెట్టుకు పోతే తన నగలు పెట్టుకుని ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది, ఎత్తుగా, తెల్లగా. పిల్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. తల్లికి ముందురోజే చెప్పారు. చెప్పినా తీసుకుపోయింది భాగీరథి, ఎదురుగా చూస్తే మనసు మారుతుందేమోనని. మారలేదు. ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో పొద్దుపోయేదాకా కూర్చోబెట్టి పంపారు.

ఆ తర్వాత ఎవరికీ అక్కర్లేదు. పేరు కొట్టేసిన బడిలో మళ్లీ చేర్చుకోలేదు. వేషాల కోసం పోతే, పెద్దదయిందన్నారు కొందరు, ఇంకా పెద్దది కాలేదన్నారు కొందరు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని చీరలకు జిగురుతో రాళ్లు అంటిస్తుంది. వాడలోనివాళ్లు ఆమెను మరిచిపోయారు. మరిచిపోయాక కాస్త ఊపిరి పీల్చుకుంది కూడా.

లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగిపోయి చానల్‌వాళ్లు ఆ పాత సీరియల్‌నే మళ్లీ వెయ్యడం మొదలుపెట్టారు. ఏముంది, టీవీకి కర్పూరం వెలిగింది. వీధిలో నీళ్ల కుళాయి దగ్గర ఆమెను నెట్టేసి బిందె పెట్టుకున్న ఆడవాళ్లే ఇప్పుడు గుమ్మం ముందు పసుపు కుంకుమ పెట్టిపోతున్నారు. జ్వరమొచ్చిన పిల్లల్ని ఎత్తుకొచ్చి చెయ్యి పెట్టమంటున్నారు. డాక్టరు దొరకని చోట దేవత దొరికితే ఎవరు వదులుకుంటారు?

“మన ఊర్ల రంగం ఎక్కడిదిరా?” అని ఒక గొంతు లేచింది.

కిటికీ దగ్గర కూర్చున్న వెంకటవ్వది ఆ గొంతు. గంగారాం తల్లి. వయసులో ఉన్నప్పుడు ఊళ్లో పోచమ్మ పూనే మనిషి. ఇన్నాళ్లయినా ఆ పేరు చెబితే వాడలో పెద్దవాళ్లు దారి వదులుతారు.

“పచ్చికుండ మీద నిలవడుడు హైదరాబాదు పట్నపోల్లది. టీవీల జూసి తెచ్చినవ్. మన దిక్కు తల్లి ఎవల మీదికి రావాల్నో వాళ్ల మీదికే వస్తది. ముకాదం పిలిస్తె డ్యూటీకి వచ్చినట్టు వస్తదారా?”

“అవ్వా, నువ్వు జర ఊకో.”

“ఊకోను. తల్లి పేరు మీద అబద్ధమాడితె కొంపలు గాలుతయ్.”

“కొంపనా? గీ కొంప ఎవల్ది?” గంగారాం అరిచాడు. “సేఠ్‌ది! రేపు బస్సు పోయిందనుకో, సాంచాలు బంద్. నా ముకాదంగిరి బంద్. ఎల్లుండి గీ రూముకు తాళం. నిన్ను, నీ దేవున్ని నెత్తిన వెట్టుకోని యాడికి పోవాలె? ఊర్ల ఏమున్నది మనకు?”

గంగారాం భయం అబద్ధం కాదు, అదొక్కటి ఒప్పుకోవాలి. కానీ భయపడ్డ మనిషి తన భయాన్ని పక్కవాళ్ల ప్రాణాలతో కొనుక్కోవాలని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

“మొన్న ఫోన్‌ల ఏమన్నవ్ బాపూ?” సింధూజ మెల్లగా అడిగింది. “సేఠ్‌తోని. ‘జ్వరమున్నోల్లు ఇంక ఉన్నరు, జ్వరం గోలి మింగిచ్చి సాంచాలు నడిపిస్తున్న’ అన్నవ్. నేను ఇన్న. గా ముచ్చట వాళ్లకు ఎరుకనా?”

గంగారాం చొక్కా వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

“నేను ఎక్క. నువ్వు కుండల దుకాణమే ఎత్తుకొచ్చినా ఎక్క,” అంది సింధూజ.

అదే సమయానికి తలుపు తట్టి జమున లోపలికొచ్చింది. పక్క గదిలో ఉంటుంది. ఆమె మొగుడు పరుశురాం గంగారాం చేతికిందే సాంచాలు నడుపుతాడు. చేతిలో కొబ్బరికాయ, ముక్కుకు కొంగు. వచ్చీరాగానే సింధూజ కాళ్ల మీద వంగింది.

“అత్తా! లే, లే! ఏంది గిది?”

“నీ పున్నెముంటది తల్లీ. మేము బస్సు ఎక్కుతలేము. ఆయన పొద్దున్నే పోయి మా పేర్లు తీసేపిచ్చిండు. ఆయనను జూసి ఇంకొందరు తీసేపిచ్చిన్రు.”

“ఎందుకు?”

“నీకు కలొచ్చింది గద! పోచమ్మ తల్లి అడ్డం నిలవడి, ‘నా బిడ్డలు ఎవ్వలు గడప దాటొద్దు’ అన్నదంట గద. అన్న చెప్పిండు.”

అన్న అంటే గంగారాం. అతను గోడమీది క్యాలెండర్ చూస్తున్నాడు.

“నాకు ఏ కల రాలే అత్తా,” అంది సింధూజ. “ఒట్టు. బాపు అబద్ధం చెప్పిండు. మామకు ఎట్లున్నది?”

“దగ్గు. రాత్రంత కూసునే ఉన్నడు. పండుకుంటె ఊపిరి ఆడుతలేదు. నువ్వొకపారి వచ్చి రొమ్ము మీద చెయ్యి వెడితె తగ్గుతది.”

“దవాఖానకు తీస్కపో! లేకుంటె బస్సెక్కిచ్చి ఊరికన్న తీస్కపో! నేను దేవతను గాను అత్తా! నన్ను చూడు, చీరలకు రాళ్లు అంటిచ్చేదాన్ని!”

జమున చిన్నగా నవ్వింది. నమ్మిన మనిషి నవ్వు.

“నువ్వు గట్లనే అంటవ్ బిడ్డా. తల్లి ఎన్నడన్న ‘నేనే తల్లిని’ అని చెప్పుకుంటదా?”

కొబ్బరికాయ గడప దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. వెంకటవ్వ కళ్లు మూసుకుంది. సింధూజ వెళ్లి తండ్రి ఎదురుగా నిలబడింది, అతను క్యాలెండర్ వదిలి తనను చూసేదాకా.

“ఆయన సస్తె ఎట్ల బాపూ?”

“సావడు.”

“సస్తె?”

“సావడంటున్న గద! అందరు సస్తున్నరా? నేను మాత్రం తిరుగుతలేనా కార్ఖానాల?”

“సాంబయ్య మామ పీనుగను గూడ చూడనియ్యలే వాళ్లింటోల్లకు. ఆయన పెండ్లాం ఇంక గుండెపోటనే అనుకుంటుంది.”

గంగారాం తలుపు తెరుచుకుని మెట్లు దిగాడు, రెండో కుండ కోసం. నేను ఎక్కను అని ఇప్పుడు అరిచినా లాభం లేదని సింధూజకు అర్థమైంది. ఎక్కకపోయినా ఆ అబద్ధం తన పని తను చేసేస్తోంది. గుమ్మంలో నిలబడి కాదంటే వినయమనుకుంటారు. ఇంట్లో కూర్చుంటే ఉపవాసమనుకుంటారు. వాళ్లు చెవులు రిక్కించి వినే చోటు ఒక్కటే ఉంది.

“బాపమ్మా,” అంది. “నేను ఎక్కుత.”

వెంకటవ్వ కళ్లు తెరిచింది. “అబద్ధమాడుతవా?”

“ఆడ. తల్లి పేరు ఎత్త. గంగారాం బిడ్డగనే చెప్త.”

“అట్లయితె ఎక్కు,” అంది ముసలామె. “ఇంటరో లేదో మాత్రం నేను జెప్ప.”

మధ్యాహ్నం భాగీరథే కూతురికి పసుపు రాసింది, జుట్టు విప్పి దువ్వింది. నుదుటి మీద పాత జిగురు మచ్చ దగ్గర ఆమె వేళ్లు కాసేపు నిలిచాయి. ఆకుపచ్చ చీర కుచ్చిళ్లు సర్దుతూ, తల ఎత్తకుండా, భాగీరథి అంది:

“నువ్వు ఆడ ఏం జెప్తవో నాకు జెప్పకు. చెప్పినవనుకో, నేను ఆపుత.”

“ఆపు మరి.”

“గందుకే చెప్పకంటున్న,” అని విసురుగా లేచి, తన బోనం ఎత్తుకోవడానికి వెళ్లిపోయింది.

కార్ఖానా ముందు ఖాళీ జాగాలో జనం కిక్కిరిసి ఉన్నారు. మాస్కులు గడ్డాల కింద వేలాడుతున్నాయి. ఆడవాళ్ల నెత్తిన బోనాలు, వాటిమీద దీపాలు, వేపమండలు. డప్పులు చెవులు పగిలేలా మోగుతున్నాయి. సేఠ్ మాత్రం అందరికీ దూరంగా, కొత్త మాస్కుతో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేతులకు శానిటైజర్ రాసుకుంటున్నాడు. తన ఊపిరితిత్తుల విషయంలో అతనికి పోచమ్మ మీద అంత నమ్మకం ఉన్నట్టు లేదు.

గంగారాం కూతురి మోచెయ్యి పట్టుకుని కుండ ఎక్కించాడు. “మూడు మాటలే బిడ్డా,” అన్నాడు చెవిలో. “నీ కాళ్లు మొక్కుత.” వెళ్లి సేఠ్ పక్కన నిలబడ్డాడు.

డప్పులు ఆగాయి. ముందు వరసలో పరుశురాం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. జమున అతని వీపు రాస్తూ, రెప్పవెయ్యకుండా సింధూజనే చూస్తోంది.

“నేను పోచమ్మను గాను,” అంది సింధూజ. “భవానీని గాను. గంగారాం బిడ్డను. నాకు ఏ కల రాలే. ఎవ్వలన్న వచ్చిందంటె అది అబద్ధం.”

జనంలో గుసగుస. ఒకావిడ చేతులు ఇంకా పైకెత్తి మొక్కింది.

“సాంబయ్య మామను తీస్కపోయింది గుండెపోటు గాదు. కార్ఖానాల జ్వరమున్నది. గోలి మింగిచ్చి సాంచాల కాడ నిలవెడుతున్నరు. పరుశురాం మామా, నువ్వు ఇప్పుడే దవాఖానకు పో. మిగిలినోల్లు రేపు బస్సెక్కుండ్రి. పేరు తీసేపిచ్చినోల్లు మల్ల రాపియ్యుండ్రి. నన్ను జూసి ఆగకుండ్రి. నేను మిమ్ముల కాపాడలేను. నాకు శాతగాదు!”

చివరి మాట అరుపయింది. అరిచాక ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చూసి ఆడవాళ్లు బొబ్బలు పెడుతూ ముందుకు తోసుకొచ్చారు. ఎవరో కాళ్ల మీద నీళ్లు పోశారు. ఎవరో పాదాలు పట్టుకున్నారు. పచ్చికుండ ఆ తొక్కిడికి కూలిపోయి, సింధూజ మనుషుల మధ్య పడిపోయింది.

సేఠ్‌కు తెలుగు రాదు. అతనికి అర్థమైంది ‘బస్సు’ అన్న ఒక్క మాట. జనం ఏడుస్తున్నారు, మొక్కుతున్నారు. బాగానే పండిందనుకున్నాడు.

“క్యా బోలీ మాతాజీ, గంగా భాయ్? బస్ కా క్యా బోలీ?” బస్సు గురించి ఏమందని అడిగాడు.

గంగారాం పెదాలు తడుపుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఏళ్లకేళ్లుగా సూరత్‌లో బతుకుతున్నవాళ్లే. హిందీ రానివాడు ఒక్కడు లేడు. అందరూ వింటున్నారు.

“బస్ మే మత్ జావో బోలీ, సేఠ్‌జీ,” అన్నాడు. ఎవరూ బస్సెక్కవద్దందట. అందరూ ఇక్కడే ఉండమందట.

ఒక్కరూ నోరు విప్పలేదు. కొందరు నేల చూశారు, కొందరు బోనాల వైపు చూశారు. వాళ్లను తిట్టాలనిపిస్తుంది నాకు. కానీ ఆ సేఠ్ గదుల్లోనే వాళ్ల పిల్లలు పడుకుంటారు.

సేఠ్ మొహం వెలిగిపోయింది. బస్సువాడు తనకు తెలిసినవాడేనట. ఇక ఆ బస్సెందుకు, ఇప్పుడే వద్దని చెప్పేస్తానని ఫోన్ తీశాడు. నంబరు నొక్కాడు. అవతల గంట మోగుతోంది.

ఎత్తిన బోనం తల్లి ముందు తప్ప ఎక్కడా దించకూడదు. భాగీరథి దించింది. దారి మధ్యలో, బురదలో, దీపం వెలుగుతుండగానే. ఆడవాళ్లు “అయ్యో!” అని అరిచారు. ఆమె తిరిగి చూడలేదు. తిన్నగా పోయి సేఠ్ కుర్చీ ముందు నిలబడింది, అతను మాస్కు సర్దుకుని వెనక్కి జరిగేంత దగ్గరగా.

“నువ్వు లోపలికి పోయే,” అన్నాడు గంగారాం.

“ఝూట్ హై సేఠ్‌జీ,” అంది భాగీరథి. “మేరా మరద్ ఝూట్ బోలా. మేరీ బేటీ బోలీ, జావో. సబ్ జావో.” మొగుడు చెప్పింది అబద్ధమట, బిడ్డ అందరినీ పొమ్మందట.

గంగారాం ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె కదలలేదు. మొదటిసారి సేఠ్ జనం వైపు తిరిగి, ఇది నిజమా అన్నట్టు ఒక్కొక్క మొహమే చూస్తూ పోయాడు. అతని చూపు పరుశురాం మీద ఆగింది. నిజమేనని చెప్పడానికి పరుశురాం నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు తీశాడు.

ఫోన్‌లో బస్సువాడు హలో, హలో అంటూనే ఉన్నాడు.